అయిపోయిన బ్యాటరీలు, అంటుకున్న అలమారా: ఒక కేసు వివరాలు

ఆ ఇంటి నుంచి నాకు పిలుపు వచ్చేసరికి మంట ఆరి రెండు రోజులైంది. ప్రమాదానికి కారణం తేల్చమని వాళ్లు పిలవలేదు. గోడలోని వైరింగు మొత్తం మార్చాలా, ఆ ఒక్క గదిలో మారిస్తే సరిపోతుందా చెప్పమని పిలిచారు. కారణం తమకు తెలుసనే అనుకున్నారు. అలమారా పక్కనే ప్లగ్గు ఉంది, దాని చుట్టూ గోడ నల్లబడింది, కాబట్టి షార్ట్ సర్క్యూట్. ఇళ్లలో విద్యుత్ భద్రత తనిఖీ చేయడం, చిన్నపాటి అగ్ని ప్రమాదాలకు కారణం వెతకడం నా వృత్తి. ఆ మాట వినిపించని ఇంటికి నేను ఇంతవరకు వెళ్లలేదు. ఈసారి అది నిజం కూడా. షార్ట్ సర్క్యూటే జరిగింది. అయితే గోడలో కాదు, అలమారా మూడో అరలో ఉన్న ఒక పాత రేకు డబ్బాలో.

ఇంటివాళ్ల అనుమతితో, వాళ్ల ఆనవాళ్లు తెలియకుండా ఈ కేసు రాస్తున్నాను. ఇంటాయన సభలకు, నాటకాలకు మైకులు అమర్చే సౌండ్ ఆపరేటర్. ఇంట్లో ఆయన భార్య, తల్లి, పదకొండేళ్ల కూతురు ఉంటారు. ఆ మధ్యాహ్నం గోడ గడియారం ఆగిపోయింది. పాప కుర్చీ వేసుకుని మూడో అరలోని డబ్బా దించింది, వేళ్లతో కలియబెట్టి ఒక పెన్సిల్ సెల్లు తీసుకుంది, మూత పెట్టి డబ్బాను మళ్లీ లోపలికి నెట్టింది. సుమారు ఇరవై నిమిషాల తర్వాత నాయనమ్మకు కాలుతున్న వాసన వచ్చింది. ఆమె అలమారా తలుపు తెరవగానే గాలి తగిలి, అప్పటిదాకా లోలోపల రాజుకుంటున్నది భగ్గుమంది. ఆమె వట్టి చేతులతోనే డబ్బాను లాగి నేల మీద పడేశారు. కొడుకు పరుగున వచ్చి మెయిన్ స్విచ్ ఆపి, బకెట్ నీళ్లు గుమ్మరించారు. ఒక అర, కొన్ని కాగితాలు, మైకులకు తొడిగే స్పాంజీలు కాలిపోయాయి. ఆమె కుడిచేతి మూడు వేళ్లు బొబ్బలెక్కాయి. కోడలు వెంటనే ఆమె చేతిని కుళాయి కింద ఇరవై నిమిషాలు ఉంచి, ఆ తర్వాతే ఆస్పత్రికి తీసుకువెళ్లారు. ఆ హడావిడిలోనూ ఆమె చేసిన ఈ పని నాకు ఎంతో నచ్చింది.

మంట పుట్టిన చోటు

ముందుగా వాళ్లు అనుమానించిన ప్లగ్గునే చూశాను. షార్ట్ అయితే కరెంటు ఆపేసే బ్రేకర్ దానంతట అది పడలేదు, ఇంటాయనే ఆపారు. అంత మాత్రాన వైరింగు మంచిదని చెప్పలేం. అందుకే పలక విప్పాను. పైవైపు ప్లాస్టిక్ కరిగి కిందికి జారింది, లోపలి వైపు రంగు కూడా మారలేదు. వైర్ల తొడుగు ఎక్కడా పగలకుండా మెత్తగా ఉంది, స్క్రూలు బిగుతుగా ఉన్నాయి. వదులైన కనెక్షన్ దగ్గర పుట్టే వేడి లోపలి నుంచి బయటికి కాల్చుకుంటూ వస్తుంది. ఇక్కడ జరిగింది దానికి తారుమారు. బయటి నుంచి వచ్చిన వేడి పలకను కరిగించి అక్కడే ఆగిపోయింది.

అలమారా వెనుక చెక్క మీద మసి ఒకచోట సన్నగా మొదలై, పైకి పోయేకొద్దీ వెడల్పైంది. ఆ సన్నటి కొస సరిగ్గా డబ్బా మూత దగ్గరకు వచ్చి ఆగింది. డబ్బా అడుగున బయటి రంగు చెక్కుచెదరలేదు. లోపలి పూత మాత్రం పూర్తిగా కాలిపోయింది. మంట బయట పుట్టి డబ్బాలోకి వెళ్లి ఉంటే అలా ఉండదు.

డబ్బాలోని వస్తువులన్నీ తెల్ల కాగితం మీద పరిచి ఒక్కొక్కటిగా రాసుకున్నాను. 9 వోల్టుల దీర్ఘచతురస్రపు బ్యాటరీలు ఏడు. పెన్సిల్ సెల్లు పధ్నాలుగు, సన్న పెన్సిల్ సెల్లు ఆరు. వదులుగా బటన్ సెల్లు ఐదు. పెద్ద టార్చిలైటులో వాడే లిథియం సెల్లు ఒకటి. వీటితోపాటు జాక్ పిన్నులు, మరలు, తొడుగు ఒలిచిన వైర్ల రాగి పోగులు, ఎవరికీ గుర్తులేని తాళాలు రెండు. డబ్బా మూలలో స్పాంజి కరిగి ముద్దయిన చోట నల్లటి ఇనుప గుళికలు కనిపించాయి, వేలితో నొక్కితే పొడి అయ్యేవి. అవేమిటని అడిగితే ఇంటాయనే చెప్పారు. మైకుల్లో బ్యాటరీ తగిలే స్ప్రింగులు తుప్పు పడితే రుద్దడానికి సన్నటి స్టీలు పీచు వాడతారట. వాడగా మిగిలిన చిటికెడు పీచును ఆ డబ్బాలోనే పడేశారట. ఒక 9 వోల్టుల బ్యాటరీ పొట్ట ఉబ్బి అతుకు దగ్గర విచ్చుకుంది. దాని నెత్తి మీద కరెంటు అందించే రెండు లోహపు గుండీల అంచుల మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. అవి నిప్పురవ్వలు లేచిన గుర్తులు.

ఇంటి బయట ఆరుబయట ఇనుప పళ్లెం పెట్టి, పక్కన నీళ్లు ఉంచుకుని, చేతులకు గ్లోవ్స్ వేసుకుని ఒకసారి పరీక్షించాను. ఆ ఏడింటిలో దెబ్బతినని ఒకదాన్ని తీసుకుని, చిటికెడు కొత్త స్టీలు పీచును దాని రెండు గుండీలకూ తాకించాను. క్షణం పట్టలేదు. పీచులో ఎర్రటి గీతలు పురుగుల్లా పాకాయి. దాని మీద వేసిన స్పాంజి ముక్క అంటుకుంది. ఈ పరీక్షను ఎవరూ ఇంట్లో చేసి చూడవద్దు. నేను చేయడానికి ఒకే కారణం, వైరింగు మార్చాలని నిశ్చయించుకున్న కుటుంబానికి మాటలతో నమ్మకం కలిగించలేకపోవడం.

9 వోల్టుల బ్యాటరీ ఎందుకు వేరు

ఇళ్లలో వాడే మామూలు సెల్లుల్లో నేను ఎక్కువగా జాగ్రత్త చెప్పేది దీని గురించే. దాని రేకు లోపల ఒకటిన్నర వోల్టుల చిన్న సెల్లులు ఆరు వరుసగా కలిపి ఉంటాయి. పెన్సిల్ సెల్లుకు ఒక కొన పాజిటివ్, రెండో కొన నెగెటివ్. రెండింటినీ కలపాలంటే ఏదైనా పొడవైన లోహం అటూ ఇటూ తగలాలి. 9 వోల్టుల దానికి రెండు ధ్రువాలూ నెత్తి మీదే పక్కపక్కన ఉంటాయి. కేంద్రం నుంచి కేంద్రానికి దూరం 12.7 మిల్లీమీటర్లు, అంచు నుంచి అంచుకు ఇంకా తక్కువ. ఒక నాణెం, తాళం, కాగితాలకు పెట్టే పిన్ను, అల్యూమినియం రేకు, ఏదైనా చాలు.

అలా కలిస్తే కొన్ని ఆంపియర్ల కరెంటు పారుతుంది. వినడానికి చిన్న సంఖ్యే. కానీ మిల్లీమీటరులో పదోవంతు మందం ఉన్న రాగి పోగు సుమారు రెండున్నర ఆంపియర్ల దగ్గరే ఎర్రబడి తెగిపోతుంది. స్టీలు పీచు పోగులు అంతకన్నా సున్నితం. పైగా అంత సన్నగా ఉన్న ఇనుము గాలిలో తానే మండుతుంది. అంటే బ్యాటరీ అగ్గిపుల్ల పని చేస్తే చాలు, మిగతాది పీచే చూసుకుంటుంది. నిండుగా ఉన్న ఒక 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలో ఉండే శక్తి సుమారు 16,000 జౌళ్లు. యాభై మిల్లీలీటర్ల నీటిని గది వేడి నుంచి మరిగే దాకా తీసుకెళ్లగల శక్తి అది. అందులో సగం మిగిలి ఉన్నా ఒక స్పాంజిని అంటించడానికి అవసరమైన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, పిల్లలున్న ఇంట్లో ముఖ్యంగా. రెండు 9 వోల్టుల బ్యాటరీలను ఎదురెదురుగా పెడితే ఒకదాని గుండీలు రెండోదానిలో టిక్కుమని కూర్చుంటాయి. అలా అతుక్కోవడం పిల్లలకు సరదాగా ఉంటుంది. కానీ అప్పుడు రెండూ కలిసి 18 వోల్టుల వలయమై, మధ్యలో ఏ పరికరమూ లేకుండా తమను తామే కాల్చుకుంటాయి. ఏ లోహమూ అక్కర్లేదు. ఆ పాపను అడిగితే అలా రెండుసార్లు ఆడుకున్నానని, వేడెక్కితే విడదీశానని చెప్పింది.

‘అయిపోయింది’ అనే మాట

ఈ కేసులో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసినది ఇంటాయన మాటే. “సార్, ఆ డబ్బాలో ఉన్నవన్నీ అయిపోయిన సెల్లులే. కొత్తవి నేను అందులో వేయను” అన్నారు. ఆయన అబద్ధమాడలేదు. కొత్తవి నిజంగానే వాటి అట్టల్లో, వేరే సొరుగులో భద్రంగా ఉన్నాయి.

వోల్టుమీటరు తీసి ఆయన ముందే చూశాను. చెక్కుచెదరకుండా మిగిలిన ఆరు 9 వోల్టుల బ్యాటరీల్లో నాలుగు 7.6 నుంచి 8.4 వోల్టుల మధ్య చూపించాయి. కారణం ఆయన పనిలోనే ఉంది. సభ మధ్యలో మైకు ఆగిపోతే పరువు పోతుంది. అందుకని ప్రతి కార్యక్రమానికి ముందు మైకులో ఉన్న బ్యాటరీ ఎంత మిగిలిందో చూడకుండా కొత్తది వేస్తారు. వృత్తిపరంగా అది సరైన అలవాటే. కానీ తీసేసిన బ్యాటరీ ఆ క్షణం నుంచి ‘అయిపోయినది’ అవుతుంది. పొగ అలారంలో నుంచి కీచుమనగానే తీసేసే బ్యాటరీకీ ఇదే పేరు పెడతాం. దానిలోనూ చాలా మిగిలే ఉంటుంది.

ఒక పరికరం ఆగిపోవడం అంటే ఆ పరికరానికి కావలసినంత వోల్టేజీ అందడం లేదని మాత్రమే అర్థం. టార్చిలైటులో వెలుగు మందగించిన సెల్లు గడియారంలో నెలల తరబడి తిరగడం మనందరికీ తెలుసు. తెలిసి కూడా నోటితో ‘అయిపోయింది’ అంటాం. ఆ మాట అనగానే చెయ్యి జాగ్రత్త మానేస్తుంది. కొత్త బ్యాటరీని అట్టలో ఉంచే మనిషే వాడిన దాన్ని మరలు, తాళాలు ఉన్న డబ్బాలోకి విసురుతాడు. నిజానికి జాగ్రత్త ఎక్కువ కావలసింది వాడినదానికే, ఎందుకంటే దాని అట్ట చింపి పారేసి ఉంటాం.

బటన్ సెల్లు విషయంలో ఈ మాట మరింత ప్రమాదకరం. సీఆర్ 2032 అనే సెల్లు వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు, వోల్టేజీ 3. పసిపిల్లలు మింగితే ఆ కొలత సరిగ్గా గొంతు దిగువన అన్నవాహికలో ఇరుక్కునేంత ఉంటుంది. అక్కడి తడిలో కరెంటు పారి, నెగెటివ్ వైపు క్షారం పుట్టి, రెండు గంటల్లోనే కణజాలాన్ని లోతుగా కాల్చేస్తుంది. తాళం రిమోటును పని చేయించలేని పాత సెల్లుకు కూడా ఈ పని చేయగల వోల్టేజీ మిగిలి ఉంటుంది. బిడ్డ మింగిందన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా నేరుగా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఏడాది దాటిన బిడ్డ అయితే, మింగి పన్నెండు గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె ఇవ్వవచ్చని విషచికిత్స నిపుణులు చెబుతారు. తేనె కోసం వెతుకుతూ ఆలస్యం చేయకూడదు. ఆ డబ్బాలోని ఐదు బటన్ సెల్లులను చూసినప్పుడు నాకు మంట కన్నా ఇదే ఎక్కువ భయం కలిగించింది. ఆ ఇంటికి నాలుగేళ్ల మేనల్లుడు వచ్చిపోతుంటాడు.

రెండు నెలల ముందు, జేబులో

ప్రమాదం జరిగిన ప్రతి ఇంట్లో నేను ఒక ప్రశ్న అడుగుతాను: ఇంతకుముందు ఎప్పుడైనా ఏదైనా వేడెక్కిందా, వాసన వచ్చిందా? చాలాసార్లు జవాబు దొరుకుతుంది. ఇంటాయన కాసేపు ఆలోచించి చెప్పారు. రెండు నెలల కింద ఒక నాటకం మధ్యలో తొడ మీద చురుక్కుమంది. జేబులో రెండు 9 వోల్టుల బ్యాటరీలు, వాటితోపాటే బండి తాళాలు ఉన్నాయి. తీసి చూస్తే ఒకటి పట్టుకోలేనంత వేడిగా ఉంది. బ్యాటరీ చెడ్డదనుకుని దాన్ని పారేశారు, రెండోదాన్ని మళ్లీ జేబులోనే వేసుకున్నారు.

ఆ బ్యాటరీలో ఏ లోపమూ లేదు. జేబులో జరిగిందీ డబ్బాలో జరిగిందీ ఒకటే. జేబులో మనిషికి వెంటనే తెలిసింది, డబ్బాలో తెలియలేదు.

జేబులోనూ సంచిలోనూ వేసుకుని తిరిగే వాటిలో అన్నిటికన్నా ప్రమాదం 9 వోల్టులది కూడా కాదు. ఆ డబ్బాలో కనిపించిన టార్చిలైటు లిథియం సెల్లు, 18650 అని రాసి ఉండేది, 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. చూడటానికి లావుపాటి పెన్సిల్ సెల్లులా ఉంటుంది. కానీ దాని ఒళ్లంతా, పైన బుడిపె చుట్టూ ఉన్న అంచుతో సహా, నెగెటివ్. బుడిపె ఒక్కటే పాజిటివ్. రెండింటినీ వేరు చేసేది సన్నటి వలయం, పైన చుట్టిన పల్చటి ప్లాస్టిక్ తొడుగు. ఆ తొడుగు అంచు దగ్గర చిరిగిందంటే ఒక తాళం కొన చాలు. అలాంటి సెల్లు షార్ట్ అయితే వంద ఆంపియర్లు దాటే కరెంటు రావచ్చు. లోపలి రసాయనాలే వేడిని పుట్టిస్తూ, ఆ వేడి మరింత చర్యను రేపుతూ, ఆపలేని స్థితికి వెళ్లి సెల్లు నిప్పులు చిమ్ముతుంది. ఈ ఇంటి సెల్లు తొడుగు గోరంత చిరిగి ఉంది. ఆ అరలో మంట ఇంకో ఐదు నిమిషాలు నిలిచి ఉంటే నేను రాసే కేసు వేరుగా ఉండేది.

మళ్లీ చార్జి చేసుకునే పెన్సిల్ సెల్లులు 1.2 వోల్టులే కదా అని తేలికగా తీసుకుంటారు. వాటి అంతర్గత నిరోధం, అంటే కరెంటును లోపలే అడ్డుకునే గుణం, మామూలు ఆల్కలైన్ సెల్లు కన్నా చాలా తక్కువ. కాబట్టి షార్ట్ అయితే వాటి నుంచి పదుల ఆంపియర్లు వస్తాయి. సంచిలో విడిగా వేసుకోవడానికి అవి ఎంతమాత్రం తగవు.

ఏం మార్చాం

ఆ రోజు సాయంత్రం ఇంటిల్లిపాదీ నేల మీద కూర్చున్నాం. రేకు డబ్బాను పక్కన పెట్టించాను. లోహపు డబ్బా అసలు బ్యాటరీలకు పనికిరాదు, దాని గోడే ఒక తీగ. గదులున్న ప్లాస్టిక్ పెట్టెలు రెండు తెచ్చుకున్నారు. పెన్సిల్ సెల్లులన్నీ ఒకే దిక్కుగా, పక్కపక్కన, ఒక్కో గదికి ఒకే రకం. ప్రతి 9 వోల్టుల బ్యాటరీ నెత్తి మీద, కొత్తదైనా పాతదైనా, ప్లాస్టిక్ మూత ఉంటే మూత, లేకపోతే రెండు గుండీలనూ కప్పే ఇన్సులేషన్ టేపు. బటన్ సెల్లులను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, ఒక్కొక్కదాన్ని రెండు వైపులా టేపుతో మూసి, పిల్లల చేతికి అందని తాళం వేసే సొరుగులోకి పంపాం. చిరిగిన లిథియం సెల్లును ఇక వాడవద్దని చెప్పి, రెండు కొనలకూ టేపు వేసి, బ్యాటరీలు సేకరించే కేంద్రానికి వెళ్లే సంచిలో పెట్టించాను. స్టీలు పీచు ఆ గదిలోనే ఉండకూడదని నేను గట్టిగా పట్టుబట్టాను. స్ప్రింగులు రుద్దడానికి గట్టి రబ్బరు ముక్క చాలు.

స్ప్రింగులకు పట్టిన తెల్లటి పొక్కు అసలు తుప్పే కాదు. ఆల్కలైన్ సెల్లులో ఉండే పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికి కారి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పొటాషియం కార్బొనేట్‌గా గడ్డకట్టినది. అది క్షారం కాబట్టి వెనిగరులో ముంచిన దూది పుల్లతో తుడిస్తే పోతుంది. గ్లోవ్స్ వేసుకోవాలి, కంటికి తగలనివ్వకూడదు. పరికరాన్ని నెలల తరబడి వాడనప్పుడు సెల్లు తీసి పెట్టినా, పాతదీ కొత్తదీ కలిపి వేయకపోయినా ఈ కారడం చాలావరకు తగ్గుతుంది.

“ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ కాలం ఉంటాయటగా బాబూ?” అని నాయనమ్మ అడిగారు. ఈ కాలపు ఆల్కలైన్ సెల్లు గది వేడిలో ఏడాదికి రెండు మూడు శాతమే కోల్పోతుంది. ఫ్రిజ్ నుంచి తీసినప్పుడు పట్టే చెమ్మ వల్ల కలిగే నష్టమే దానికన్నా ఎక్కువ. ఎండ తగలని, పొడిగా ఉన్న సొరుగు చాలు. ఎండలో నిలిపిన కారు మాత్రం ఏ బ్యాటరీకీ చోటు కాదు.

ఇంటాయన కార్యక్రమాల కోసం విమానాల్లోనూ వెళ్తారు కాబట్టి ఆ నియమాలూ చూశాం. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు సహా, చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. విమానం అడుగున మంట పుడితే ఆర్పడానికి మనిషి చేరలేడు. ప్రతి బ్యాటరీ ధ్రువాలూ కప్పి ఉండాలి. సాధారణ పరిమితి 100 వాట్-గంటలు, అంటే బ్యాటరీలో పట్టే శక్తి కొలత. 100 నుంచి 160 లోపు ఉన్నవాటికి విమాన సంస్థ అనుమతి తీసుకోవాలి, అవీ విడివి రెండే. లెక్క సులువు: వోల్టులను ఆంపియర్-గంటలతో గుణించాలి. 20,000 మిల్లీ ఆంపియర్-గంటల పవర్ బ్యాంకు అంటే 3.7 వోల్టుల లెక్కన 74. ఒక్కో విమాన సంస్థ ఇంకా కఠినమైన నిబంధనలు పెట్టవచ్చు, ప్రయాణానికి ముందు చూసుకోవాలి. మామూలు ఆల్కలైన్ సెల్లులకు ఇంత పట్టింపు లేదు, కానీ ధ్రువాలు కప్పాలన్నది వాటికీ వర్తిస్తుంది.

అందరూ పెట్టెలు సర్దుతుంటే పాప తలుపు దగ్గరే నిలబడి ఉంది. తన వల్లే నాయనమ్మ చెయ్యి కాలిందని రెండు రోజులుగా సరిగా తినడం లేదట. ఆమెను పిలిచి వోల్టుమీటరు చేతికిచ్చాను. ఒక్కో బ్యాటరీని తనే కొలిచి అంకె చదివింది. ఆ డబ్బాను ఎవరు కదిపినా అది ఏదో ఒక రోజు అంటుకునేదేనని, కుదుపులకు బ్యాటరీ పీచు మీదికి జారేంతవరకే ఆగి ఉందని చెప్పాను. అది ఓదార్పు కోసం అన్న మాట కాదు, నా నివేదికలోనూ అదే రాశాను.

మూడు నెలల తర్వాత

మళ్లీ చూసి రావడానికి వెళ్లాను. నాయనమ్మ వేళ్లు మానాయి, చూపుడువేలి మీద లేత మచ్చ మిగిలింది. ఇంటాయన పనికి తీసుకువెళ్లే సంచిలో 9 వోల్టుల బ్యాటరీలకు ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంది, లోపల ప్రతిదానికీ మూత ఉంది. తాళాలు సంచి ఇంకో అరలో ఉన్నాయి. లోపం ఒక్కటే కనిపించింది. పెన్సిల్ సెల్లులను రబ్బరు బ్యాండుతో కట్ట కట్టి, కొన్నింటిని తలకిందులుగా పెట్టారు. అలా కడితే పాజిటివ్, నెగెటివ్ కొనలు ఒకే వైపుకు పక్కపక్కన చేరుతాయి, ఒక నాణెం పడితే చాలు. కట్ట విప్పించి, అన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పించాను.

ఇంట్లో రెండో పెట్టె మీద ఇంటాయన చేతిరాతతో ‘అయిపోయినవి’ అని ఉంది. దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద పాప రాసింది: ‘వాడినవి’. ఆ పక్కన ప్రతి బ్యాటరీ టేపు మీద చిన్న అంకెలు: 8.1, 7.9, 7.4.